అమెరికాలో రైఫిల్, ఆత్మరక్షణ షూటింగ్ శిక్షణ: తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఏ తెలుగు ఇంట్లో నలుగురు కలిసినా ఈమధ్య ఈ మాట వస్తోంది. పక్క వీధిలో దొంగలు పడ్డారనో, గ్యాస్ స్టేషన్‌లో తెలిసినవాళ్ల అబ్బాయి మీద ఎవరో తుపాకీ గురిపెట్టారనో వార్త వింటాం. ఆ వెంటనే "మనమూ ఒకటి కొనుక్కుందామా" అనే ఆలోచన మొదలవుతుంది. చాలా రాష్ట్రాల్లో కొనడం గంటలో అయిపోయే పని. నేర్చుకోవడానికే టైమ్ పెట్టాలి. ఆ నేర్చుకునే విషయంలో వచ్చే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇవి. కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి, ముఖ్యంగా వీసా గురించినవి. దయచేసి వాటిని దాటేయకండి.

ఈ కోర్సులు అసలు ఎలాంటివి? పోలీసులకూ సైనికులకూ మాత్రమే కదా?

కాదు. పౌరుల కోసమే నడిచే స్కూళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి. వీటికి మూలపురుషుడు జెఫ్ కూపర్ అనే మాజీ మెరైన్ అధికారి. ఆయన 1976లో ఆరిజోనా రాష్ట్రంలోని పాల్డెన్ అనే చిన్న ఊళ్లో ఒక స్కూలు పెట్టారు. ఇప్పుడు దాన్ని గన్‌సైట్ అకాడమీ అంటున్నారు. నిలబడి కాగితం మీద బొమ్మను తీరిగ్గా కాల్చడం ఒక ఆట. గుండె దడదడలాడుతున్నప్పుడు నిర్ణయం తీసుకుని, అవసరమైతేనే, సరైన చోట తగిలేలా కాల్చడం వేరే విద్య. ఆ రెండోదాన్ని మామూలు మనుషులకు పద్ధతిగా నేర్పవచ్చని ఆయన చూపించారు. ఇవాళ ఆరెగాన్‌లోని థండర్ రాంచ్ లాంటి పెద్ద స్కూళ్లు ఉన్నాయి. ఊరూరా తిరిగి శనివారం, ఆదివారం క్లాసులు చెప్పే ఇన్‌స్ట్రక్టర్లూ ఉన్నారు. క్లాసులో మీ పక్కన నర్సు ఉండవచ్చు, రిటైరైన టీచరు ఉండవచ్చు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరూ ఉండవచ్చు.

నేను హెచ్-1బీ మీద ఉన్నాను. మా తమ్ముడు ఎఫ్-1. రేంజ్‌కి వెళ్లి తుపాకీ అద్దెకు తీసుకుని కాల్చవచ్చా?

మామూలుగా అయితే కుదరదు. అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే.

నాన్ ఇమిగ్రంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, విజిటర్ వీసా అన్నీ ఈ కోవలోకే వస్తాయి. దగ్గర ఉంచుకోవడం అంటే కొనడమే కాదు. రేంజ్‌లో పది నిమిషాలు అద్దెకు తీసుకుని చేతిలో పట్టుకున్నా అదే లెక్క. 2022లో వచ్చిన చట్ట సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. దానికి తోడు తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయవచ్చు. గ్రీన్ కార్డు కోసం పన్నెండేళ్లుగా లైన్లో నిలబడినవాళ్లు ఒక ఆదివారం సరదాకి అంతా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

"రేంజ్ వాళ్లు అడగలేదు కదా, డ్రైవింగ్ లైసెన్సు చూసి లోపలికి పంపేశారు" అని చాలామంది అంటారు. వాళ్లు అడగకపోయినా చట్టం మీకు వర్తిస్తుంది. 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన రెహైఫ్ కేసు సరిగ్గా ఇలాంటిదే. స్టూడెంట్ వీసా మీద ఫ్లోరిడా వచ్చిన యువకుడిని యూనివర్సిటీ తీసేసింది. అతను దేశంలోనే ఉండిపోయి ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. దాని మీదే ఫెడరల్ కేసు పడింది. తన ఇమిగ్రేషన్ స్థితి అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు చెప్పింది. అది అతనికి కొంత ఊరట. కానీ మనలో ఎవరికి తన వీసా స్టేటస్ తెలియదు?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను, అత్తమామలను ఫోటో కోసం రేంజ్‌కి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్లు వచ్చింది విజిటర్ వీసా మీద. దయచేసి ఆ పని చేయకండి.

హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే సరిపోతుంది అంటున్నారు. నిజమేనా?

ఆ మినహాయింపు చట్టంలో ఉన్న మాట నిజమే. అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే నాన్ ఇమిగ్రంట్ వీసా వాళ్లకు ఆ నిషేధం వర్తించదు. చాలా రాష్ట్రాల్లో దానికి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ అది తప్పనిసరి. ఆ కోర్సు నిజంగా మంచిది. భద్రత గురించి మొదటి పాఠాలు అందులోనే దొరుకుతాయి.

మనవాళ్లు దెబ్బతినేది గడువు దగ్గర. లైసెన్సు ఎక్స్‌పైర్ అయిన మర్నాడు ఇంట్లో ఉన్న ప్రతి తుపాకీ, ప్రతి తూటా నేరమే. వీసా స్టేటస్ పోయినా, ఓవర్‌స్టే అయినా ఈ మినహాయింపు మిమ్మల్ని కాపాడదు. ఇంకొకటి, ఈ లైసెన్సు చూపించినా చాలా శిక్షణ స్కూళ్లు సిటిజన్లను, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లను మాత్రమే చేర్చుకుంటాయి. విదేశీయులకు ఆయుధ శిక్షణ ఇవ్వడం మీద ఎగుమతి నియంత్రణ చట్టాలు ఉండడం అందుకు ఒక కారణం. డబ్బు కట్టేముందు స్కూలుకి మీ స్టేటస్ రాసి పంపి, జవాబు కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) వేశాం, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) వచ్చింది అంటే గ్రీన్ కార్డు వచ్చినట్టు కాదు. ఆ దశలో ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ముందుకు వెళ్లకూడదు.

మా ఆయన సిటిజన్, నాది హెచ్-4. ఆయన తుపాకీ ఇంట్లో ఉంటే నాకు ఇబ్బందా?

ఆయన ఉంచుకోవచ్చు. కానీ అది మీ అందుబాటులో ఉండకూడదు. సేఫ్ తాళం ఆయన దగ్గరే, కోడ్ ఆయన ఒక్కరికే తెలిసి ఉండాలి. బీరువాలో బట్టల కింద పెట్టి ఇద్దరూ వాడే తాళం వేస్తే, అది మీ అధీనంలో కూడా ఉన్నట్టేనని వాదించే వీలుంది.

కొట్లోనో మోటెల్లోనో పనిచేసే కుర్రాళ్లు కూడా ఇది గమనించాలి. ఓనర్ కౌంటర్ కింద ఒకటి పెట్టి "అవసరమైతే తీయి" అంటాడు. మీ వీసా అనుమతించకపోతే దాన్ని ముట్టుకోవడమే మీకు నేరం. ఓనర్‌కి ఆ మాట మొహమాటం లేకుండా చెప్పండి.

గ్రీన్ కార్డు వచ్చింది. ముందు తుపాకీ కొనాలా, ముందు శిక్షణ తీసుకోవాలా?

శిక్షణ. ఈ మాట ఎన్నిసార్లైనా చెబుతాను.

శాశ్వత నివాసులకు ఫెడరల్ చట్టం ప్రకారం కొనుక్కునే హక్కు ఉంది. లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర ఫారం 4473 నింపుతారు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. రైఫిల్‌కి 18 ఏళ్లు, పిస్టల్‌కి 21 ఏళ్లు నిండాలి. రాష్ట్రాల చట్టాలు వీటికి అదనం. ఇల్లినాయ్‌లో ఫాయిడ్ కార్డు, అంటే తుపాకీ ఉంచుకునేవాళ్లకు రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు ఉండాలి. న్యూజెర్సీలో పోలీసుల ద్వారా ఐడీ కార్డు తీసుకోవాలి. కాలిఫోర్నియాలో భద్రతా పరీక్ష రాసి సర్టిఫికెట్ పొందాలి. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమే కావచ్చు, కానీ ఫెడరల్ చట్టంలో కాదు. అది వాడే అలవాటుంటే ఆ ఫారం మీద అబద్ధం రాయాల్సి వస్తుంది, అలా రాయడం ఇంకో నేరం.

క్లాసుకి వెళ్లకముందు కొన్నవాళ్లు సాధారణంగా తమ చేతికి నప్పనిది కొంటారు. భర్త తన చేతికి తగ్గట్టు కొన్న పిస్టల్ భార్య చేతికి పెద్దదవుతుంది. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి లాగే భాగం) లాగలేక ఆమె "ఇది నా వల్ల కాదు" అని పక్కన పెట్టేస్తుంది. మొదటి క్లాసుల్లో అద్దెకు ఇచ్చే స్కూళ్లు చాలానే ఉన్నాయి. అక్కడ నాలుగు రకాలు పట్టుకుని చూడండి. శిక్షణ అయ్యాక "మా ఇంటికి ఇది వద్దు" అని నిర్ణయించుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లు వెచ్చించిన డబ్బు వృథా అయినట్టు కాదు.

ఎప్పుడూ తుపాకీ పట్టుకోలేదు. రైఫిల్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి మొదలు నాకు తెలియదు. స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే కార్యక్రమం ఇది. దేశం నలుమూలలా శని, ఆదివారాల్లో జరుగుతుంది, ఫీజు కూడా తక్కువ. .22 రైఫిల్, అంటే చిన్న తూటా వేసేది, తీసుకెళ్తే చాలు. దెబ్బ వెనక్కి కొట్టదు, శబ్దం తక్కువ, తూటా చవక. రెండు రోజులకు నాలుగైదు వందల రౌండ్లు, అంటే తూటాలు, పట్టుకెళ్లండి.

కాల్చేది 25 గజాల దూరంలోనే. కానీ టార్గెట్ బొమ్మలను చిన్నవి చేసి 100, 200, 300, 400 గజాల దూరాన ఉన్నట్టు కనిపించేలా గీస్తారు. నిలబడి, కూర్చుని, బోర్లా పడుకుని కాల్చడం నేర్పుతారు. స్లింగ్‌ని (రైఫిల్‌కి ఉండే పట్టీని) చేతికి చుట్టి రైఫిల్‌ని ఎలా నిలకడగా పట్టుకోవాలో చూపిస్తారు. నాకు అన్నిటికంటే నచ్చేది సహజంగా గురి నిలిచే పద్ధతి. గురిపెట్టి కళ్లు మూసుకోండి, ఒంటిని వదులు చేసి ఊపిరి వదలండి, మళ్లీ కళ్లు తెరవండి. గురి పక్కకు పోయి ఉంటే చేతులతో తోసి సరిచేయకూడదు. మొత్తం శరీరాన్నే కాస్త జరుపుకోవాలి. కండ బలంతో పట్టిన గురి రెండో తూటాకే చెదిరిపోతుంది, ఎముకల ఆసరాతో నిలిచిన గురి నిలకడగా ఉంటుంది.

చివర్లో 40 రౌండ్ల పరీక్ష ఉంటుంది, 250 మార్కులకు. 210 వస్తే రైఫిల్‌మన్ అని గుడ్డ బిళ్ల ఇస్తారు. మొదటిసారి చాలామందికి రాదు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. భోజన విరామంలో 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్లలో జరిగిన పోరాటం కథ చెబుతారు. పిల్లలను కూడా తీసుకెళ్లవచ్చు. మా వయసువాళ్ల కంటే వాళ్లే తొందరగా నేర్చుకుంటారు, ఎందుకంటే వాళ్లకు మర్చిపోవాల్సిన చెడ్డ అలవాట్లు లేవు.

ఇంటి రక్షణకు రైఫిల్ మంచిదా, పిస్టలా?

రైఫిల్‌తో గురి తేలిక, ఎందుకంటే భుజం, చెంప, రెండు చేతులు నాలుగూ పట్టుకుంటాయి. పిస్టల్‌తో బాగా కాల్చడం నిజంగా కష్టం, కానీ ఒక చేత్తో తలుపు తీయవచ్చు, బిడ్డను ఎత్తుకోవచ్చు, ఫోన్ పట్టుకోవచ్చు. ఇల్లు, కుటుంబం, రాష్ట్ర చట్టం చూసుకుని ఎంచుకోవాల్సిందే. ఇల్లినాయ్ 2023 నుంచి ఏఆర్-15 తరహా రైఫిళ్ల (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేల్చేవి) అమ్మకం ఆపేసింది. న్యూజెర్సీ, కాలిఫోర్నియాల్లో మ్యాగజైన్‌లో, అంటే తుపాకీకి తగిలించే తూటాల పెట్టెలో, పది రౌండ్లకు మించి ఉండకూడదు.

ఇక్కడి ఇళ్ల లోపలి గోడలు మన ఊళ్లో ఇటుక గోడల్లాంటివి కావు. రెండు జిప్సం రేకులు, మధ్యలో ఖాళీ. పిస్టల్ తూటా అయినా రైఫిల్ తూటా అయినా వాటిని దాటి వెళ్తుంది. అవతల గదిలో పిల్లలు పడుకుంటారు. ఏ ఆయుధం అన్న దానికంటే ఇంట్లో ఎటువైపు కాల్చకూడదో ముందే తెలుసుకోవడం ముఖ్యం. ఆత్మరక్షణ క్లాసులో మంచి ఇన్‌స్ట్రక్టర్ మీ ఇంటి ప్లాన్‌ని కాగితం మీద గీయమంటాడు.

రెండు రోజుల రైఫిల్ కోర్సులో ఏం జరుగుతుంది?

పొద్దున్నే తుపాకీలన్నీ బ్యాగుల్లోనే ఉంటాయి. మొదటి గంట భద్రత గురించే. ఎవరికైనా గాయమైతే ప్రథమ చికిత్స ఎవరు చేస్తారు, 911కి ఎవరు ఫోన్ చేస్తారు, రేంజ్ అడ్రస్ ఏమిటి, రక్తస్రావం ఆపడానికి బిగించే పట్టీ (టోర్నికే) ఎక్కడ ఉంది, ఎవరి కారులో హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి అన్నీ పేరుపేరునా చెబుతారు. ఈ గంట లేని క్లాసు నుంచి డబ్బు వదులుకునైనా వచ్చేయండి.

తర్వాత జీరో చేస్తారు, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా సైట్‌ని (గురి చూసే పరికరాన్ని) సరిచేస్తారు. ఏఆర్ తరహా రైఫిల్‌ని చాలామంది 50 గజాల దగ్గర జీరో చేస్తారు. అలా చేస్తే 200 గజాల చుట్టుపక్కల కూడా గురికి దగ్గరగానే పడుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు ఆశ్చర్యపోయే విషయం ఒకటి ఉంది. సైట్ బారెల్‌కి సుమారు రెండున్నర అంగుళాలు పైన ఉంటుంది. అందుకని ఐదారు గజాల దూరంలో, అంటే ఇంటి హాల్లో ఉండేంత దూరంలో, తూటా గురికి రెండు అంగుళాలకు పైగా కింద పడుతుంది. ఇది ఎవరూ చెప్పకుండా తెలియదు. చెప్పినా, కాగితం మీద రంధ్రం చూసేదాకా నమ్మబుద్ధి కాదు.

మధ్యాహ్నం నుంచి తుపాకీని ఛాతీ దగ్గర నుంచి భుజానికి తీసుకురావడం, అవసరమైనప్పుడే సేఫ్టీ తీయడం, కాల్చిన వెంటనే మళ్లీ వేయడం. మ్యాగజైన్ మార్చడం. మోకాలి మీద, బోర్లా, గోడ చాటు నుంచి కాల్చడం. తూటా పేలకపోతే, ఖాళీ తొడుగు ఇరుక్కుంటే, రెండు రౌండ్లు ఒకేసారి ఛాంబర్లోకి (తూటా పేలే గదిలోకి) దూరితే ఏం చేయాలో చేతులకు అలవాటయ్యేదాకా చేయిస్తారు. రెండో రోజు నడుస్తూ, టైమర్ పెట్టి. ఆ టైమర్ బీప్ వినగానే నిన్న చక్కగా వచ్చినవన్నీ మర్చిపోతాం. ఆ టెన్షన్ కోసమే అది పెడతారు.

మంచి కోర్సుల్లో కాల్చకూడని టార్గెట్లు కూడా కలిపి పెడతారు. చేతిలో ఫోన్ ఉన్న మనిషి, చేతిలో పర్సు ఉన్న మనిషి. తొందరలో వాటిని కాల్చేసినవాళ్ల మొహాలు చూడాలి. ఆ పూట నేర్చుకున్నది వాళ్లు ఎన్నటికీ మర్చిపోరు.

అందరూ చెప్పే నాలుగు నియమాలు ఏమిటి?

జెఫ్ కూపర్ ప్రచారంలోకి తెచ్చినవి ఇవి. ప్రతి తుపాకీ ఎప్పుడూ లోడై ఉందనే భావించాలి. నాశనం చేయడానికి సిద్ధంగా లేని దేనివైపూ మజిల్ (తుపాకీ గొట్టం మూతి) తిప్పకూడదు. గురి టార్గెట్ మీదకు వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు. టార్గెట్ ఏమిటో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు.

ఒకటి తప్పినా మిగతావి ప్రాణం కాపాడతాయి. ప్రమాదం జరిగిందంటే రెండు మూడు ఒకేసారి తప్పినట్టే. 2024 నవంబరులో అట్లాంటాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు తన తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయాడని వార్తల్లో చదివాం. శుభ్రం చేసేముందు మ్యాగజైన్ తీయాలి. తర్వాత బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్లో కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. మ్యాగజైన్ తీయకుండా బోల్ట్ లాగితే ఇంకో రౌండ్ లోపలికి వెళ్తుంది. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. ఇంట్లో ఖాళీ తుపాకీతో సాధన చేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి.

ఇంట్లో సాధన అంటే ఏమిటి?

డ్రై ఫైర్. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, గురి కదలకుండా చూసుకోవడం, భుజానికి తేవడం. సంగీతం నేర్చుకునేవాళ్లకు సరళీ స్వరాలు ఎలాగో ఇది అలాగ. రోజూ పది నిమిషాలు చాలు. అయిపోయాక "అయిపోయింది" అని పైకి అనుకుని సేఫ్‌లో పెట్టేయండి. ప్రమాదాలు ఎక్కువగా "ఇంకొక్కసారి చూద్దాం" అన్నప్పుడే జరుగుతాయి.

దొంగ ఇంట్లోకి వస్తే కాల్చేయవచ్చు కదా? చట్టం మనవైపే అంటారు.

చాలా ప్రమాదకరమైన అపోహ. అందుకే షూటింగ్ కోర్సుతో పాటు చట్టం గురించిన క్లాసు కూడా తీసుకోమని చెబుతాను. మసాద్ అయూబ్ అనే ఆయన 1980ల నుంచి ఈ విషయం మీదే పౌరులకు పాఠాలు చెబుతున్నారు. ఆయన కోర్సుల్లో తుపాకీ ముట్టుకోకుండా రెండు రోజులు చట్టం మాత్రమే చెప్పేది కూడా ఉంది.

మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎదుటివాడికి నన్ను చంపేంత లేదా తీవ్రంగా గాయపరిచేంత సామర్థ్యం ఉందా? ఇప్పుడు, ఈ దూరం నుంచి ఆ పని చేసే అవకాశం ఉందా? అలా చేయబోతున్నాడని మామూలు మనిషి ఎవరైనా నమ్మేలా ప్రవర్తిస్తున్నాడా? మూడూ ఉండాలి. టీవీ ఎత్తుకుని పరిగెత్తేవాడి వీపు మీద కాలిస్తే చాలా రాష్ట్రాల్లో జైలుకి వెళ్లేది మీరే. టెక్సాస్‌లో ఆస్తి విషయంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ వాటి షరతులు చదవకుండా వాటి మీద ఆధారపడకూడదు. న్యూజెర్సీ, న్యూయార్క్‌లలో ఇంటి బయట తప్పించుకోగలిగితే తప్పించుకోవాలి. ఫ్లోరిడా, టెక్సాస్‌లలో ఆ బాధ్యత లేదు. క్రిమినల్ కేసు కాకపోయినా సివిల్ దావా రావచ్చు.

అర్ధరాత్రి ఇంట్లోకి వచ్చింది దొంగ కాక, హాస్టల్ నుంచి చెప్పకుండా వచ్చిన మన అబ్బాయే కావచ్చు. అందుకే టార్చిలైటు గురించి ఆత్మరక్షణ కోర్సుల్లో అంతసేపు చెబుతారు. అందరూ ఒక గదిలో చేరి తలుపు వేసుకుని, 911కి ఫోన్ చేసి, పోలీసులు వచ్చేదాకా అక్కడే ఉండడం చాలా సందర్భాల్లో సరైన పని.

ఏం వేసుకోవాలి, ఏం తీసుకెళ్లాలి?

మెడ దాకా మూసిన చొక్కా, ముందు అంచున్న టోపీ, బూట్లు, గట్టి బెల్టు. పక్కవాళ్ల రైఫిల్ నుంచి ఎగిరే ఖాళీ తొడుగు కాలిపోయేంత వేడిగా ఉంటుంది. అది మెడలోంచి చొక్కాలోకి జారితే మనిషి గెంతుతాడు, చేతిలో లోడైన తుపాకీ ఉంటుంది. ఆడవాళ్లు చున్నీ వేసుకోకూడదు, పొడవాటి గొలుసులు, గాజులు తీసేయాలి. మంగళసూత్రం తీయనివాళ్లు చొక్కా లోపల పెట్టుకుని పై గుండీ పెట్టుకుంటే సరిపోతుంది. జడ వదిలేయకుండా ముడి వేసుకోండి.

ఏఆర్ రైఫిల్ శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటితే ఒక్క శబ్దానికే చెవి దెబ్బతినవచ్చు. లోపల ఇయర్ ప్లగ్స్, పైన ఇయర్ మఫ్స్ రెండూ పెట్టుకోండి. కళ్లద్దాలు ఉన్నా షూటింగ్ కోసం చేసిన అద్దాలు తప్పనిసరి. నీళ్లు, ఉప్పు బిస్కెట్లు, సన్‌స్క్రీన్. ఆరిజోనా, టెక్సాస్ ఎండల్లో తుపాకీ కంటే వడదెబ్బకే ఎక్కువమంది కూలబడతారు. శాకాహారులు భోజనం వెంట తెచ్చుకోవడం మేలు.

ఖర్చు ఎంత అవుతుంది?

వారాంతపు రైఫిల్ క్లాసు ఫీజు సాధారణంగా కొన్ని వందల డాలర్లు. పెద్ద స్కూళ్లలో ఐదు రోజుల కోర్సు వేలల్లోకి వెళ్తుంది. అసలు ఖర్చు తూటాలది. ఏఆర్ రైఫిల్‌లో వాడే 5.56 రౌండ్ దాదాపు అర డాలరు. రెండు రోజులకు ఐదు వందల నుంచి వెయ్యి అడుగుతారు. లెక్క వేసుకోండి. .22 అయితే రౌండ్ పది సెంట్ల చుట్టుపక్కలే. డబ్బు పరిమితంగా ఉంటే ఖరీదైన రైఫిల్ మానేసి రెండో క్లాసుకి వెళ్లండి.

ఆడవాళ్లకు విడిగా క్లాసులు ఉంటాయా? గర్భంతో ఉన్నవాళ్లు వెళ్లవచ్చా?

ఉంటాయి. ఎ గర్ల్ అండ్ ఎ గన్ లాంటి మహిళా సంఘాలకు చాలా రాష్ట్రాల్లో శాఖలు ఉన్నాయి. భర్త నేర్పడం కంటే బయటి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నేర్చుకోవడం ఇద్దరికీ మంచిది.

గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు వద్దు. తూటాల్లో, వాటిని పేల్చే ప్రైమర్‌లో సీసం ఉంటుంది. ఇండోర్ రేంజ్ గాల్లో అది ఇంకా ఎక్కువ. శబ్దం కూడా కడుపులో బిడ్డకు చేరుతుంది, అమ్మ చెవులు మూసుకున్నంత మాత్రాన ఆగదు. మిగతావాళ్లు కూడా రేంజ్‌లో చేత్తో తినకూడదు. ముందు చన్నీళ్లు, సబ్బుతో చేతులు, మొహం కడుక్కోవాలి. ఇంటికి రాగానే బట్టలు విడిగా ఉతికి, స్నానం చేశాకే పిల్లలను ఎత్తుకోవాలి.

పిల్లలున్న ఇంట్లో ఎలా దాచాలి?

ఎత్తైన అల్మరా దాచుకునే చోటు కాదు. తాళం ఉన్న స్టీలు సేఫ్, తూటాలు వేరే తాళంలో. కోడ్ పుట్టినరోజు తేదీ కాకూడదు.

పిల్లల గురించి అందరూ అడుగుతారు, కానీ ఇంకో విషయం ఎవరూ అడగరు. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక కుమిలిపోతున్నవాళ్లు మనలో ఉన్నారు. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేకపోతే ఆ కాలమంతా తుపాకీ ఇంట్లో ఉంచకండి. రాష్ట్ర చట్టం చూసుకుని నమ్మకమైన మనిషి దగ్గరో, డీలర్ దగ్గరో పెట్టండి. 988కి ఫోన్ చేస్తే ఏ వేళప్పుడైనా మాట్లాడేవాళ్లు ఉంటారు.

మంచి ఇన్‌స్ట్రక్టర్‌ని ఎలా గుర్తుపట్టాలి?

క్లాసుకు ఎంతమందిని తీసుకుంటాడో, వాళ్లకు ఎందరు సహాయకులు ఉంటారో అడగండి. ఏం నేర్పుతాడో ముందే రాసి ఇవ్వాలి. తన యుద్ధ కథలే చెప్పుకునేవాడు, టార్గెట్ల పక్కన మనుషులను నిలబెట్టి కాల్పించేవాడు, ప్రశ్న అడిగితే చిన్నబుచ్చేవాడు వద్దు. బ్యాక్‌గ్రౌండ్ పత్రాలు అడిగే స్కూలు మీద కోపం తెచ్చుకోకండి. మీ పక్కన నిలబడి కాల్చేది ఎవరో వాళ్లు చూసుకుంటున్నారని అర్థం.

ఇండియాలో ఇలాంటి కోర్సులు ఉన్నాయా?

ఈ తరహావి లేవు. 1959 ఆయుధాల చట్టం, 2016 నియమాల ప్రకారం లైసెన్సుకు దరఖాస్తు చేసేవాళ్లకు భద్రతా శిక్షణ సర్టిఫికెట్ కావాలి. అంతవరకే. మన దగ్గర ఉన్నది క్రీడగా షూటింగ్, అది గొప్పగా ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్‌తో 2024 పారిస్ దాకా వెళ్లింది. సెలవులకు ఊరెళ్లినప్పుడు పిల్లలను ఎయిర్ రైఫిల్ అకాడమీలో చేర్పిస్తే, నిలకడ, ఊపిరి, ట్రిగ్గర్ మీద అదుపు అక్కడే వస్తాయి.

తుపాకీతో వేరే రాష్ట్రానికి, విమానంలో వెళ్లవచ్చా?

దేశంలో అయితే తూటాలు తీసేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి, చెక్-ఇన్ లగేజీలో వేయాలి. చేరే రాష్ట్రంలోనూ, విమానం మారే రాష్ట్రంలోనూ చట్టం చూసుకోవాలి. న్యూయార్క్, న్యూజెర్సీ ఎయిర్‌పోర్టుల్లో విమానం మిస్సై రాత్రి ఆగాల్సి వస్తే పెద్ద చిక్కు. ఆ దారి మానుకోండి.

ఇండియా వెళ్లేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

క్లాసుకి తీసుకెళ్లిన బ్యాగు మూలల్లో ఒకటో రెండో రౌండ్లు ఉండిపోతాయి. అదే బ్యాగుతో శంషాబాద్‌లోనో ఢిల్లీలోనో దిగి, తిరుగు ప్రయాణంలో స్కానర్‌లో పట్టుబడినవాళ్లు ఉన్నారు. లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలిసి పెట్టుకున్నది కాదని కోర్టులు చాలా కేసులు కొట్టేశాయి. కానీ ఆ తీర్పు వచ్చేదాకా పాస్‌పోర్టు, ఉద్యోగం, లాయర్ ఫీజు అన్నీ మీ నెత్తిమీదే. ఖాళీ తొడుగును గుర్తుగా తీసుకెళ్లడం కూడా వద్దు. రేంజ్‌కి విడిగా ఒక బ్యాగు కొనుక్కుని, దాన్ని ఇంకే ప్రయాణానికీ వాడకండి.